ఆ పాత టయోటా టెర్సెల్ వ్యాగన్ అలా ఎందుకు ఉంటుంది?

మీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది. మిగతావాళ్లకీ అర్థమయ్యేలా ఒకసారి క్లుప్తంగా చెప్తాను. డెన్వర్‌లో మీ పక్కింటి పెద్దాయన తన 1985 టయోటా టెర్సెల్ ఫోర్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ అందే) వ్యాగన్ అమ్మకానికి పెట్టారు. వెనక నంబర్ ప్లేటు మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంది. వెనక అద్దాలు ముందు వాటికంటే పైకి లేచి ఉన్నాయి. ఐదు గేర్లు కాక ‘ఈఎల్’ అని ఇంకో గేరు ఉంది, పక్కన ఇంకో లివర్ కూడా ఉంది. “ఇది కారా, జీపా? ఇలా ఎందుకు డిజైన్ చేశారు? కొనొచ్చా?” అని అడిగారు.

సూటిగా చెప్తాను. అది కారే. మంచు పడే ఊళ్లలో రోజూ పనికి వెళ్లేవాళ్ల కోసం, తక్కువ ధరలో, తక్కువ పెట్రోలుతో నడిచేలా చేసిన కుటుంబం కారు. మీకు వింతగా అనిపించినవాటిలో రూపానికి సంబంధించినవి పక్కన పెడితే, మిగతావన్నీ ఒక్క నిర్ణయం నుంచి వచ్చాయి. అది 1978లో, ఈ వ్యాగన్ పుట్టడానికి నాలుగేళ్ల ముందే జరిగిపోయింది. ఇంజిన్‌ని అడ్డంగా కాకుండా బండి పొడవు వెంబడి నిలువుగా పెట్టారు. కొనడం సంగతికి వస్తే, కింద తుప్పు లేకపోతే, మీరు చూసిన ఆ ఇంకో లివర్, అంటే ఫోర్ వీల్ లివర్, సరిగ్గా పడి సరిగ్గా వస్తే, నిరభ్యంతరంగా కొనండి.

నేను వరంగల్ నుంచి 1997లో చదువుకోవడానికి కొలరాడో వచ్చాను. ఇక్కడ నేను కొన్న మొదటి బండి ఇదే, 1984 మోడల్. ఇరవై ఏళ్లుగా పాత జపాన్ బండ్లు బాగుచేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. ఈ వ్యాగన్లే పదిహేను దాకా విప్పి బిగించాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు 1978 సంగతి. ఆ ఏడాది ఆగస్టులో టయోటా మొదటి టెర్సెల్ విడుదల చేసింది. జపాన్‌లో దానికి కోర్సా అనే కవల కూడా ఉండేది. టయోటా చేసిన మొట్టమొదటి ముందు చక్రాల డ్రైవ్ కారు ఇదే. అప్పటికి ముందు చక్రాల డ్రైవ్ చిన్న కారు అనగానే చాలా కంపెనీలవాళ్లు 1959 నాటి బ్రిటిష్ కారు మినీ చూపించిన దారి పట్టారు. అంటే ఇంజిన్ అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌ని దానికే అతికించి, బానెట్ కింద వీలైనంత తక్కువ చోటులో సర్దేయడం. హోండా సివిక్, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ అలాంటివే. టయోటా ఆ దారిన పోలేదు. వెనక చక్రాల డ్రైవ్ కార్లలో ఉన్నట్టే ఇంజిన్ నిలువుగా పెట్టి, గేర్‌బాక్స్‌ని వెనక, ముందు సీట్ల వైపు నేల కిందకి తోసింది. ఇంజిన్ పవర్ క్లచ్ దాటి వెనక్కి వెళ్తుంది, అక్కడి నుంచి కిందకి దిగి, మళ్లీ ముందుకు వచ్చి ముందు చక్రాలకి చేరుతుంది.

చూడ్డానికి ఇది చుట్టుదారే. వెళ్లాల్సిన ఊరు దాటి పోయి మళ్లీ వెనక్కి వచ్చినట్టు ఉంటుంది. కానీ దీంతో ఒక లాభం ఉంది. రెండు ముందు చక్రాలకి వెళ్లే షాఫ్ట్‌లు (పవర్ మోసుకెళ్లే తిరిగే కడ్డీలు) సమానమైన పొడవులో ఉండేలా అమర్చుకోవచ్చు. ఇంజిన్ అడ్డంగా పెట్టిన చాలా కార్లలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అవుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. నిలువు ఇంజిన్‌తో ఆ గొడవ తక్కువ.

అసలు పెద్ద లాభం వేరే ఉంది. గేర్‌బాక్స్ వెనక కొస నేరుగా వెనక చక్రాల వైపు చూస్తూ ఉంటుంది. దానికి ఒక షాఫ్ట్ తగిలించి, వెనక ఒక డిఫరెన్షియల్ (పవర్‌ని పంచుతూనే మలుపులో వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) పెడితే ఫోర్ వీల్ డ్రైవ్ తయారు. అడ్డంగా ఉన్న ఇంజిన్‌తో ఇదే పని చేయాలంటే పవర్‌ని 90 డిగ్రీలు తిప్పాలి, దానికి ఇంకో గేర్ల జత, ఇంకో పెట్టె కావాలి. అందుకే ఆ తొలి రోజుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ కార్లు తెచ్చినవాళ్లలో నిలువు ఇంజిన్ వాళ్లు ముందున్నారు. సుబారు అలాంటిదే. 1980లో వచ్చిన ఆడి క్వాట్రో కూడా అలాంటిదే. ఎనభైల కార్ల చరిత్ర చదివేటప్పుడు ఇంజిన్ ఎటు తిరిగి ఉందో చూస్తే చాలు, సగం కథ అర్థమైపోతుంది.

ఇక్కడ సుబారు గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. జపాన్ ఈశాన్యంలో తొహోకు ప్రాంతం ఉంది, చలికాలమంతా మంచే. అక్కడి విద్యుత్ సంస్థ వాళ్లు కొండల్లో కరెంటు లైన్లు చూసుకోవడానికి జీపుల్లో తిరిగేవాళ్లు. అవి చలికి చలి, కుదుపులకి కుదుపులు. కారులా సుఖంగా ఉండి, మంచులో ఆగకుండా పోయే బండి కావాలని అడిగారు. అక్కడి మియాగి సుబారు డీలర్‌షిప్ వాళ్లు ఎఫ్ఎఫ్-1 అనే వ్యాగన్‌కి నిస్సాన్ బ్లూబర్డ్ వెనక యాక్సిల్ భాగాలు అమర్చి నమూనా చేశారు. అది 1971లో బయటికి వచ్చింది. 1972లో దాని వారసుడిగా లియోన్ ఎస్టేట్ వ్యాన్ ఫోర్ వీల్ డ్రైవ్ అమ్మకానికి వచ్చింది. పెద్ద సంఖ్యలో తయారైన ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకి తొలి అడుగు అదే. పదేళ్లు ఆ మార్కెట్‌లో సుబారుకి దాదాపు ఎదురు లేదు.

టయోటా 1982 మేలో రెండో తరం టెర్సెల్ తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో దాని మీద కట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాగన్ వచ్చింది. జపాన్‌లో దాని పేరు స్ప్రింటర్ కేరిబ్. స్ప్రింటర్ అంటే కరోలాకి కవల. అంటే పేరు కరోలా ఇంటిది, ఒళ్లు టెర్సెల్‌ది. అమెరికా, యూరప్‌లలో మాత్రం టెర్సెల్ పేరుతోనే అమ్మారు. కొన్నిచోట్ల ఇదే బాడీ ముందు చక్రాల డ్రైవ్‌తో కూడా దొరికింది. అది కొంటే ఈ కథలో సగం పోయినట్టే, కాబట్టి కొనేముందు లివర్ ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ఈఎల్ గేరు. ఈఎల్ అంటే ఎక్స్‌ట్రా లో. దాని నిష్పత్తి 4.71. ఇంజిన్ 4.71 చుట్లు తిరిగితే గేర్‌బాక్స్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. మామూలు ఫస్ట్ గేరు కంటే బాగా నిదానం, బాగా బలం. అసలు జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో గేర్ పెట్టె ఉంటుంది. దాంట్లో ‘లో’ వేస్తే అన్ని గేర్లూ బలంగా మారతాయి. ఆ పెట్టె బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. టెర్సెల్ డిజైన్ చేసినవాళ్లు ఆలోచించింది ఇదీ: ఈ బండి కొనేవాడికి నిజంగా బలం కావాల్సింది మంచులో దిగబడ్డప్పుడో, వాకిట్లో ఎత్తు ఎక్కేటప్పుడో, ఆ రెండు నిమిషాలే. దానికి ఒక్క గేరు చాలు. మొత్తం పెట్టె బదులు గేర్‌బాక్స్‌లో ఇంకో గేరు జోడించారు. నా దృష్టిలో ఈ బండి మొత్తంలో అన్నిటికంటే తెలివైన పని ఇదే.

ఈ గేరు ఫోర్ వీల్ లివర్ వేసి ఉంటేనే పడుతుంది. అంత బలం ముందు రెండు చక్రాల మీదే పడితే అవి గిర్రున జారి తిరగడం తప్ప బండి కదలదు, షాఫ్ట్‌ల మీద కూడా భారం. అందుకే నాలుగు చక్రాలూ పట్టు మీద ఉన్నప్పుడే వాడనిస్తుంది. ఫోర్ వీల్ లివర్ మాత్రం బండి నడుస్తుండగానే వేసుకోవచ్చు, ఆపక్కర్లేదు. మూడు గేర్ల ఆటోమేటిక్ కూడా ఉంది, దాంట్లో ఈఎల్ ఉండదు.

ఇక్కడే ఒక పెద్ద జాగ్రత్త. ఈ బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. పొలంలో కాడికి కట్టిన ఎడ్లని గుర్తుచేసుకోండి. చివర మలుపు తిప్పేటప్పుడు బయటి ఎద్దు ఎక్కువ అడుగులు వేయాలి, లోపలి ఎద్దు నిదానించాలి. కారు మలుపులో కూడా అంతే. ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఫోర్ వీల్ వేస్తే రెండు ఇరుసులూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగాలి. మంచు మీదో బురద మీదో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారదు. ఆ తేడా అంతా షాఫ్ట్‌లలో, గేర్లలో మెలికలా పేరుకుంటుంది.

ఇది నాకు మాటలతో అర్థం కాలేదు, చేతులతో అర్థమైంది. బండి కొన్న వారానికే, నవంబర్‌లో, మంచు కరిగి ఆరిపోయిన యూనివర్సిటీ పార్కింగ్‌లోకి ఫోర్ వీల్ తీయకుండానే వచ్చాను. పార్క్ చేయడానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిస్తున్నాను. ఎవరో ముందు టైరు పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టు బండి గునిసింది. తర్వాత చిన్న గెంతు. మళ్లీ బిగుసుకుంది, మళ్లీ గెంతింది. స్టీరింగ్ నా అరచేతుల్లో టక్‌టక్‌మని కొట్టుకుంటోంది. భయపడి ఆపేసి ఫోర్ వీల్ లివర్ తీయబోతే రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. ఏదో విరిగిపోయిందని చాలా టెన్షన్ పడ్డాను. అటుగా వెళ్తున్న ఒక ముసలాయన ఆగి, స్టీరింగ్ తిన్నగా పెట్టి ఆరడుగులు రివర్స్‌లో వెళ్లమన్నారు. వెళ్లాను. కింద ‘ధడ్’ అని ఒక్క చప్పుడు, లివర్ వెన్నలో కత్తిలా వచ్చేసింది. లోపల పేరుకున్న మెలిక విడిపోయిందన్నమాట. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజే ఈ యంత్రాల మీద ప్రేమ పుట్టింది.

కాబట్టి మీరు బండి కొంటే, పొడి రోడ్డు మీద ఎప్పుడూ ముందు చక్రాల డ్రైవ్‌లోనే నడపండి. అలాగే నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజు, దాదాపు ఒకేలా అరిగినవి ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలతలో తేడా వస్తుంది, తిన్నగా పోతున్నా మెలిక పేరుకుంటూనే ఉంటుంది. 13 అంగుళాల చక్రాలకి మంచి టైర్లు ఈ రోజుల్లో వెతకాలి. అయినా జతలు కలపొద్దు.

వెనక సస్పెన్షన్ గురించి కూడా చెప్పాలి. మామూలు టెర్సెల్‌కి వెనక చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. వ్యాగన్‌లో ఆ చక్రాలకి పవర్ ఇవ్వాల్సి వచ్చింది. కొత్తగా కష్టపడి డిజైన్ చేయకుండా, వెనక చక్రాల డ్రైవ్ కరోలాల తరహాలో కాయిల్ స్ప్రింగులు, లింకులతో పాతకాలపు ఒకే ఇరుసు పెట్టారు. కారు ముందు భాగం 1980ల నాటిది, వెనక భాగం 1970ల నాటిది అనిపిస్తుంది. అందుకే గతుకుల్లో వెనక భాగం కొంచెం ఎగురుతుంది, అది జబ్బు కాదు. ఆ ఇరుసు మాత్రం మొండిది. నేను విప్పిన బండ్లలో ఇరుసు లోపలి గేర్లు పాడైనవి చాలా తక్కువ. పాడైనవి కూడా ఆయిల్ మార్చక పాడైనవే.

ఇంజిన్ 1,452 సీసీ, 3ఏ రకం. ఇనుప బ్లాక్, అల్యూమినియం హెడ్, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే. జపాన్‌లో 83 గుర్రాల బలం అని లెక్క చెప్పారు. అమెరికాలో అమ్మిన దానికి పొగ నిబంధనల వల్ల 60కి కాస్త పైన మాత్రమే. బండి బరువు వెయ్యి కిలోల పైచిలుకు. పికప్ గురించి ఆశలు పెట్టుకోవద్దు. అందులోనూ మీరు ఉండేది కొలరాడోలో. ఇక్కడి లవ్‌ల్యాండ్ పాస్ అనే కనుమ దారి ఎత్తు 11,990 అడుగులు. అక్కడ గాలి పల్చగా ఉండి, ఈ కార్బురేటర్ ఇంజిన్ బలం సుమారు మూడో వంతు పోతుంది. అంటే దాదాపు 40 గుర్రాలతో కొండ ఎక్కుతున్నారు. కుడి లేన్‌లో, సెకండ్ గేరులో, వెనక లారీలతో పాటు. కానీ ఎక్కుతుంది. మంచులో పెద్ద పెద్ద బండ్లు పక్కకి జారి ఆగిపోయిన చోట నేను ఈ బండిలో దాటి వెళ్లిన రోజులు ఉన్నాయి. సన్నటి టైర్లు, తక్కువ బరువు, నాలుగు చక్రాల పట్టు, ఈ మూడూ కలిస్తే బలం పెద్దగా అక్కర్లేదు.

నంబర్ ప్లేటు, వెనక అద్దాలు పూర్తిగా రూపానికి సంబంధించినవి. ఆ వెనక డోరు చూసి ఏటీఎం మెషీన్‌లా ఉందని ఇక్కడివాళ్లు అంటారు. నాకు మాత్రం అదంటే ఇష్టం. రెండు పక్కలా ఒకేలా ఉండాలనే నియమం ఎవరు పెట్టారు? వెనక ఎత్తైన అద్దాల వల్ల లోపల కూర్చుంటే చిన్న బండిలో ఉన్నట్టే అనిపించదు. మా అమ్మ 2003లో వచ్చినప్పుడు వెనక సీట్లో కూర్చుని రాకీ పర్వతాలు చూస్తూ, “మెడ వంచక్కర్లేకుండా కొండ కొస దాకా కనిపిస్తోంది రా” అంది. ఎస్ఆర్5 మోడల్ అయితే డ్యాష్‌బోర్డు మీద బండి ఎంత వాలులో ఉందో చూపే చిన్న మీటరు కూడా ఉంటుంది. నిజంగా అవసరమా అంటే కాదు. కానీ అది ఉంటే తీయకండి, ఇప్పుడు దొరకదు.

అదే కాలంలో మిగతావాళ్లు ఏం చేశారో చూస్తే దీని స్థానం తెలుస్తుంది. అమెరికాలో ఏఎంసీ కంపెనీ వాళ్ల ఈగిల్ 1980 మోడల్‌గా ముందే వచ్చింది, కానీ అది ఆరు సిలిండర్ల పెద్ద బండి, పొదుపు మాటే లేదు. ఇటలీలో ఫియాట్ 1983లో పాండాకి ఫోర్ వీల్ పెట్టింది. ఇంజిన్ అడ్డంగా ఉన్న ఆ బండికి ఫోర్ వీల్ భాగాలు ఆస్ట్రియాలోని స్టెయిర్-పుక్ అనే కంపెనీ చేసిచ్చింది. హోండా 1984లో సివిక్ షటిల్‌కి పెట్టింది. వీటన్నిటిలో చవకగా, విశాలంగా, ఇంట్లోనే రిపేరు చేసుకునేంత సింపుల్‌గా ఉన్నది టెర్సెలే అని నా అభిప్రాయం. సుబారు వాళ్లు ఒప్పుకోరు, వాళ్లతో నాకు పేచీ లేదు.

మామూలు టెర్సెల్ 1986లో మారిపోయినా ఈ వ్యాగన్ మాత్రం 1988 దాకా అలాగే నడిచింది. ఆ ఏడాది వచ్చిన కొత్త కేరిబ్, అమెరికాలో కరోలా ఆల్‌ట్రాక్, మామూలు కరోలా లాగా అడ్డం ఇంజిన్ మీద కట్టింది. మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది, పొడి రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలూ ఎప్పుడూ పనిచేస్తాయి. లివర్ గురించి ఆలోచించక్కర్లేదు. మెరుగైన బండే. కానీ నిలువు ఇంజిన్‌తో వచ్చిన ఆ సరళత అక్కడితో ఆగిపోయింది.

ఇక మీరు చూడబోయే బండి. మొదట తుప్పు చూడండి. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, నలభై ఏళ్ల రేకు ఏదైనా దానికి లొంగుతుంది. వెనక చక్రాల పైన ఉండే వంపులు, తలుపుల కింది అంచులు, వెనక సస్పెన్షన్ లింకులు బాడీకి బిగించిన చోట్లు. చివరిది మరీ ముఖ్యం. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. ‘ఠంగ్’ మంటే సరే. ‘బొద్’ మని మోగితే వెనక్కి వచ్చేయండి, ఇంజిన్ ఎంత బాగున్నా సరే.

కార్బురేటర్ చుట్టూ సన్నటి వాక్యూమ్ గొట్టాలు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. ఇన్నేళ్లకి అవి ఎండి పగులుతాయి. ఐడిల్‌లో వణికితే, చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతే, పదిలో ఎనిమిది సార్లు కారణం అవే. బానెట్ కింద గొట్టాల పటం స్టిక్కర్ ఉందేమో చూసి ఫోటో తీసుకోండి. పాత గొట్టాలు ఒక్కొక్కటే తీసి, తీసిన వెంటనే కొత్తది తగిలించండి. అన్నీ ఒకేసారి పీకేస్తే ఏది ఎక్కడిదో తేలదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పెద్దాయన్ని అడగండి. బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని, మీరే మార్పించండి.

చివరగా ఒక పరీక్ష. ఆయన్ని అడిగి బండిని తారు రోడ్డు మీద కాకుండా కంకర ఉన్న చోటికి తీసుకెళ్లండి. నెమ్మదిగా పోతూ ఫోర్ వీల్ లివర్ వేయండి. తర్వాత బండి ఆపి, క్లచ్ తొక్కి, ఈఎల్‌లో పెట్టి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదలండి. బండి మనిషి నడక కంటే నిదానంగా తనంతట తానే పాకాలి, గేరు బయటికి తన్నకూడదు, కీచుమనకూడదు. యాభై అడుగులు అలా పోనిచ్చి, స్టీరింగ్ తిన్నగా ఉంచి ఫోర్ వీల్ తీయండి. రాకపోతే కంగారు పడొద్దు, ఆరడుగులు రివర్స్ వెళ్లి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడు కూడా రాకపోతే కింద నుంచి లివర్ లింకేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. తుప్పుతో బిగుసుకుందా, లోపలి సమస్యా అనేది దాన్ని బట్టి చెప్తాను.